మావయ్య వాసన చూసిన వాల్పొలిచెల్లా

కార్క్ సగం బయటికి వచ్చింది, సగం ఇంకా సీసా మెడలోనే ఉంది. సరిగ్గా అప్పుడు తలుపు తోసుకుని మా మావయ్య లోపలికి వచ్చారు.

నేను కిటికీ పక్క టేబుల్ దగ్గర నిలబడి ఉన్నాను. ఎడమ చేతి మీద తెల్ల నాప్‌కిన్, కుడి చేతిలో కార్క్‌స్క్రూ. ప్రతి ఆదివారం లంచ్‌కి వచ్చే ముసలి దంపతులు ఆ టేబుల్ దగ్గర కూర్చుని, నేను సీసా తెరవడాన్ని ముచ్చటగా చూస్తున్నారు. మావయ్య వెనకే అత్తయ్య, చీర మీద స్వెట్టరు వేసుకుని. ఆవిడ వెనక మా పక్క అపార్ట్‌మెంట్ అన్నయ్య, వదిన. అన్నయ్య గుమ్మం దగ్గర్నుంచే నాకు చెయ్యి ఊపాడు, నాకోసం ఏదో బహుమతి మోసుకొచ్చినవాడిలా.

సగం లాగిన కార్క్‌ని వదిలేసి వంటింట్లోకి పారిపోవడం కుదరదు. లాగేశాను. చప్పుడు రాకుండా తీయాలని మా ఓనర్ ఎన్నిసార్లు చెప్పిందో. చిన్న చప్పుడే వచ్చింది కానీ, నా చెవికి మాత్రం దీపావళి టపాకాయలా వినబడింది. మావయ్య తల తిప్పి చూశారు. నా ముఖం, నా చేతిలో సీసా, మళ్ళీ నా ముఖం.

మావయ్య అంటే మా అమ్మకి సొంత అన్నయ్య. చిన్నప్పుడు నన్ను సైకిల్ ముందు కూర్చోబెట్టుకుని ఒంగోలంతా తిప్పిన మనిషి. నేను ఇంటర్‌లో ఒక సబ్జెక్టు తప్పి మిషన్ కుట్టడం నేర్చుకుంటుంటే, అమెరికాలో సాఫ్ట్‌వేర్ కొడుకుని పెట్టుకుని కూడా "నా మేనకోడలే నాకు కోడలు" అని పట్టుబట్టారు. పెళ్ళి అయినప్పటి నుంచి 'నువ్వు' పోయి 'మీరు' వచ్చింది కానీ, చనువు పోలేదు. అందుకే ఆయన కోపాన్ని తట్టుకోవడం నాకు ఇంకా కష్టం.

ఆ ఇంట్లో మందు అనే మాట పలకరు. మావయ్యకీ అమ్మకీ ఒక పెద్దన్నయ్య ఉండేవాడు, నాకు పెద్ద మావయ్య. తాగి తాగి ముందు పొలం పోగొట్టుకున్నాడు, తర్వాత ఒళ్ళు పోగొట్టుకున్నాడు, ఆఖరికి మనిషే పోయాడు. ఆయన ఫోటో గోడ మీద ఉంటుంది కానీ, ఆయన గురించి ఎవరూ మాట్లాడరు. బీరకాయ కూరలో ఉప్పు ఎక్కువైందని గంట సేపు మాట్లాడే ఇంట్లో, ఆ ఒక్క మనిషి గురించి మాత్రం నిశ్శబ్దం.

అందుకే మావయ్యావాళ్ళు ఒంగోలు నుంచి అమెరికా వస్తున్నారనగానే మా ఆయన ఒక ఉపాయం చెప్పాడు.

"రెస్టారెంట్‌లో బిల్లింగ్ దగ్గర కూర్చుంటావని చెబుదాం. ఆర్నెల్లు ఉండి వెళ్ళిపోతారు. వైన్ పోస్తావని తెలిస్తే మానేయమంటారు. నాన్న మానేయమంటే నేను కాదనలేను."

ఉపాయం బాగానే ఉంది. ఆ చివరి ముక్కే నాకు ముల్లులా గుచ్చుకుంది. ఎందుకంటే ఆ పని పోతే నేను మళ్ళీ మేముండే ప్లెయిన్స్‌బరో ఊళ్ళో, అపార్ట్‌మెంట్‌లో, డిష్‌వాషర్ మోత వింటూ, మా ఆయన ఎప్పుడొస్తాడా అని పార్కింగ్ లాట్ వైపు చూస్తూ కూర్చోవాలి. వర్క్ పర్మిట్ రాకముందు అలాగే కూర్చున్నాను. ఎడిసన్‌లో మనవాళ్ళ షాపుల్లో పని దొరుకుతుంది కానీ, అంత దూరం హైవే మీద డ్రైవ్ చేయాలంటే నాకు భయం. ఈ ఇటాలియన్ రెస్టారెంట్ అయితే మా కాంప్లెక్స్ నుంచి రెండు సిగ్నల్స్. చిన్నది, పాతది, టేబుల్స్ కాళ్ళ కింద అట్టముక్కలు పెట్టి సర్దుకునే రకం. కానీ ఈ దేశంలో నన్ను నా పేరుతో పిలిచే చోటు అదొక్కటే. మిగతా అన్నిచోట్లా నేను ఫలానా ఆయన మిసెస్‌ని.

మొదట్లో ప్లేట్లు తీయడం, నాప్‌కిన్లు మడతపెట్టడం. తర్వాత ఒకరోజు ఓనర్ నన్ను టేబుల్స్ చూసుకోమంది. ఓనర్ అంటే డెబ్భై దాటిన ఆవిడ, బక్కపలచగా ఉంటుంది, నోరు మాత్రం లౌడ్‌స్పీకర్. మొదటి రోజే నేను ఒకాయనకి వైన్ గ్లాసు అంచు దాకా నింపి ఇచ్చాను. మనింటికి వచ్చినవాళ్ళకి సగం గ్లాసు మజ్జిగ ఇస్తే ఏమనుకుంటారు? పిసినారి ఇల్లనుకుంటారు. అలాగే అనుకుని ప్రేమగా నింపాను. ఆయన గ్లాసు ఎత్తలేక, బల్ల మీదకే వంగి పెదాలతో అందుకున్నాడు. ఓనర్ నన్ను పక్కకి పిలిచి, మూడో వంతు పోస్తే చాలు, మిగతా ఖాళీ వాసనకి అని చెప్పింది. వాసన కోసం అంత జాగా వదలడం నాకు ఎంతో వింతగా అనిపించింది.

ఇంకో తప్పు ఇంతకంటే పెద్దది. మా దగ్గర ఎక్కువ అమ్ముడయ్యేది రిపాస్సో అనే ఎర్ర వైన్. అదేమిటని ఒక టేబుల్ వాళ్ళు అడిగారు. ఓనర్ నాకు చెప్పింది చెప్పినట్టే గుర్తుంది నాకు. ఖరీదైన అమరోనె అనే వైన్ చేసి తీసేశాక తొక్కలు మిగులుతాయి కదా, ఆ తొక్కల మీద మామూలు వైన్ పోసి మళ్ళీ ఊరబెడతారు. నాకేం తోచిందంటే, ఇది కాఫీ ఫిల్టర్‌లో రెండో డికాక్షన్. మన ఇళ్ళల్లో రెండో డికాక్షన్ కాఫీ చుట్టాలకి ఇస్తామా? ఇవ్వం కదా. ఆ టేబుల్ వాళ్ళు మంచివాళ్ళలా ఉన్నారు, మోసం చేయబుద్ధి కాలేదు. "ఇది ఒకసారి వాడేసిన దాని మీద పోసింది, మీకెందుకు, వేరేది తీసుకోండి" అని నా ఇంగ్లిష్‌లో చెప్పేశాను. వాళ్ళు బీరు తాగి వెళ్ళిపోయారు.

ఓనర్ తిట్టలేదు. నవ్వీ నవ్వీ కళ్ళు తుడుచుకుని, నన్ను వంటింట్లో స్టూల్ మీద కూర్చోబెట్టి వాళ్ళ అమ్మమ్మ ఊరి సంగతి మొదలుపెట్టింది. ఇటలీలో పైన, వెరోనా అనే టౌన్ పక్కన కొండలు. ఆ కొండల పేరే వాల్పొలిచెల్లా, అక్కడి వైన్‌కీ అదే పేరు. ఒకవైపు పెద్ద సరస్సు, వెనక మంచు కొండలు. సున్నం, సిమెంటు ఏమీ లేకుండా రాయి మీద రాయి పేర్చిన గోడలు, వాటి మధ్య మెట్లు మెట్లుగా తోటలు, అక్కడక్కడా చెర్రీ చెట్లు. ద్రాక్ష తీగలు పందిరి మీద పాకుతాయట, మన దొండ పాదులాగా. ఒక రకం పళ్ళు కాదు, రెండు మూడు రకాలు కలుపుతారు. కొర్వీనా అనేది నల్లగా కాకిలా ఉంటుందని ఆ పేరట. రొందినెల్లా అనేదానికి ఏదో చిన్న పిట్ట పేరట. కాకీ పిట్టా కలిసి ఒక సీసాలో. ఇలాంటివి చెబితే నాకు వెంటనే ఎక్కుతాయి, పుస్తకంలో చదవమంటేనే ఎక్కవు.

కోసిన గుత్తుల్లో మంచివి ఏరి, మేడ మీది గదుల్లో వెదురు తడికల మీద ఆరబెడతారు. చలికాలం చాలావరకు అలాగే ఉంటాయి. ఎండలో కాదు, నీడలో, గాలికి. ముడతలు పడి సగం కిస్‌మిస్‌లా అయ్యాక పిండితే అమరోనె. ఆ తొక్కల్లో ఇంకా బోలెడు సారం ఉంటుంది, దాని మీద మామూలు కొత్త వైన్ పోస్తే అది రిపాస్సో అవుతుంది.

"నీళ్ళు కాదమ్మా పోసేది, వైన్" అని ఓనర్ నా మోకాలి మీద కొట్టి చెప్పింది. అప్పుడు నాకు వెలిగింది. ఇది రెండో డికాక్షన్ కాదు. ఆవకాయ జాడీ ఖాళీ అయ్యాక, అడుగున అంటుకున్న పిండిలో వేడి వేడి అన్నం వేసి కలిపితే వచ్చే ముద్ద. ఆ ముద్ద కోసం మా ఇంట్లో పిల్లలం కొట్టుకునేవాళ్ళం. జాడీలో ఆవకాయ ఉన్నప్పుడు కూడా అంత రుచి ఉండేది కాదు.

ఇదంతా నేర్చుకున్న దాన్ని, మావయ్య లోపలికి రాగానే ఒక్క ముక్క గుర్తులేనిదానిలా అయిపోయాను. ముసలి దంపతులకి వైన్ పోసి, తిన్నగా ఓనర్ దగ్గరికి వెళ్ళాను.

"ఆ టేబుల్ వేరేవాళ్ళకి ఇవ్వండి. మా అత్తమామలు."

"ఈ రోజు వేరేవాళ్ళు ఎవరున్నారు? నేను, నువ్వు. నీ వాళ్ళు కదా, నువ్వే చూసుకో" అని బ్రెడ్ బుట్ట నా చేతిలో పెట్టింది.

బుట్ట పట్టుకుని వెళ్ళాను. అన్నయ్య వెలిగిపోతున్నాడు. పాపం, అతనికి మా ఉపాయం తెలీదు.

"సర్‌ప్రైజ్ ఎలా ఉంది? ఈరోజు మా వెడ్డింగ్ యానివర్సరీ. బాబాయ్‌గారికి కోడలి ఆఫీస్ చూపిద్దామని తీసుకొచ్చా. మీ ఆయన్నీ రమ్మన్నా, ఏదో ప్రొడక్షన్ ఇష్యూ అన్నాడు."

"మంచి పని చేశావన్నయ్యా" అన్నాను. 

మావయ్య కళ్ళజోడు పెట్టుకుని మెనూ చదువుతున్నారు, అందులో ఒక్క పేరూ ఆయనకి తెలిసింది కాదు. అత్తయ్య మాత్రం నన్ను పై నుంచి కింద దాకా చూసింది, నల్ల షర్టు, నల్ల యాప్రాన్.

"బిల్లింగ్ అన్నాడు వాడు" అంది మెల్లగా.

"బిల్లు కూడా నేనే ఇస్తానత్తయ్యా" అన్నాను.

అన్నయ్య రిపాస్సో ఆర్డర్ చేశాడు. ఇంకేం చేస్తాను, తెచ్చాను. సీసా చూపించాను, రేకు కోశాను, కార్క్ తీశాను. ఈసారి చప్పుడు రాలేదు. అన్నయ్య గ్లాసులో రెండు చుక్కలు పోసి ఆగాను. అతను రుచి చూసి తలూపాడు. తర్వాత వదినకి పోసి, మళ్ళీ అతనికి పోశాను. అత్తయ్య ఇదంతా కళ్ళు తిప్పకుండా చూస్తోంది.

"అదేంటే, ముందు అతను తాగి చూసి బావుందంటే అప్పుడు ఆ అమ్మాయికి పోస్తావా? ఎంగిలి కాదూ?"

"సీసా గ్లాసుకి తగలదత్తయ్యా. పై నుంచి పోస్తాం."

"తగలకుండానే పోసింది, నేను చూశాలే" అన్నారు మావయ్య. అదే ఆయన నోటి నుంచి వచ్చిన మొదటి మాట. కోపమో కాదో తెలియలేదు. తర్వాత కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టి అడిగారు, "దేంతో చేస్తారిది?"

చెప్పాను. ఇంగ్లిష్‌లో తడబడుతూ చెప్పే కథంతా మొదటిసారి తెలుగులో చెప్పాను. కొండలు, పందిళ్ళు, కాకి, పిట్ట, మేడ మీద తడికలు. చెబుతుంటే భయం మర్చిపోయి చేతులు కూడా తిప్పేస్తున్నాను. ఆవకాయ జాడీ దగ్గరికి వచ్చేసరికి అత్తయ్య నోరు చప్పరించింది, తనకి తెలియకుండానే.

మావయ్య ఒక్కచోట ఆపారు.

"నీడలో ఆరబెడతారన్నావు. చలికాలం. మరి మంచు పడితే తేమ పట్టదా? బూజు రాదా?"

"వస్తుందట మావయ్యా. అందుకే గుత్తికి గుత్తి తగలకుండా పరుస్తారట. రెండు వైపులా కిటికీలు ఉంటాయట, తేమ రోజున మూసేసి, పొడి గాలి వస్తే తెరుస్తారట. పాడైన పండు ఒక్కటి కనిపించినా తీసేస్తారట. ఇప్పుడు చాలాచోట్ల ఫ్యాన్లు పెట్టారట."

"కిటికీలు" అన్నారు మావయ్య తనలో తనే. "బ్యారన్‌కి కూడా అంతే. ఎప్పుడు తెరవాలి, ఎప్పుడు మూయాలి, అదే పనితనం."

అప్పుడు గుర్తొచ్చింది నాకు. మావయ్య రిటైరయ్యేదాకా పొగాకు కంపెనీలో పనిచేశారు. బ్యారన్ అంటే పచ్చి పొగాకు ఆకుని వేడి మీద ఎండబెట్టే కొట్టం. ఆయన పని, వేలంలో ఆకు చూసి రకం చెప్పడం. ఇంటికి వచ్చినప్పుడు ఆయన చొక్కా కూడా పొగాకు వాసనే వచ్చేది.

అన్నయ్య గ్లాసు వైపు మావయ్య చూపించి, "అది ఒకసారి ఇలా ఇవ్వు బాబూ" అన్నారు.

 అత్తయ్య "ఏమండీ" అంది. మావయ్య గ్లాసుని మొదలు దగ్గర పట్టుకుని ముక్కు దగ్గర పెట్టుకున్నారు. కళ్ళు మూసుకున్నారు. పెదాలకి తగలనివ్వలేదు. ఒకసారి వాసన చూసి, కొంచెం ఆగి, మళ్ళీ చూశారు.

"రేగొడియాలు" అన్నారు. "ఎండిన రేగొడియాల వాసన. వెనక ఎక్కడో బ్యారన్ తలుపు తీసినప్పటి వాసన కూడా ఉంది, సన్నగా."

అన్నయ్య గ్లాసు వెనక్కి తీసుకుని తనూ వాసన చూశాడు. "నాకు వైన్ వాసనే వస్తోంది బాబాయ్‌గారూ."

"నీకదే వస్తుంది, నువ్వు తాగుతావు కాబట్టి" అన్నారు మావయ్య. వదిన పకపకా నవ్వింది.

తర్వాత నా వైపు తిరిగారు. "నువ్వు తాగుతున్నావా అమ్మాయ్?"

"లేదు మావయ్యా. రుచి తెలియాలి కాబట్టి నోట్లో పోసుకుని ఉమ్మేస్తాను. అలాగే నేర్పించారు."

"నేను ఉద్యోగం చేసినన్నాళ్ళూ ఆకు నలిపి వాసన చూశాను. ఒక్క బీడీ ముట్టలేదు."

"ఆ సంగతి ఎవరికి తెలుసు" అంది అత్తయ్య. "పొగాకు కంపెనీ వాడు చుట్టలు కాలుస్తాడని మా నాన్న ఈ సంబంధమే వద్దన్నాడు. ఈయన వచ్చి మా నాన్న ముఖం మీద ఊది చూపించాడు, వాసన ఉందేమో చూసుకోమని."

ఈసారి నేనూ నవ్వాను. మావయ్య నవ్వలేదు. ఏదో ఇంకా అడగాల్సింది మిగిలి ఉందని ఆయన ముఖంలో తెలుస్తోంది.

"ఎవరైనా ఎక్కువ తాగితే? నువ్వు పోస్తూనే ఉంటావా?"

"లేదు మావయ్యా. ఆపేస్తాం. మనిషి తూలుతున్నాడనిపిస్తే ఇంక పోయనని చెప్పాలి, రూల్ అది. ఓనర్ దాకా కూడా వెళ్ళక్కర్లేదు, నేనే చెప్పొచ్చు."

"చెప్పావా ఎప్పుడైనా?"

"ఒకసారి చెప్పాను. కాఫీ ఇచ్చి, వాళ్ళ అబ్బాయికి ఫోన్ చేయించాను."

మావయ్య బల్ల మీది బ్రెడ్ ముక్కల్ని వేలితో ఒకచోటికి చేర్చారు.

"మా అన్నకి అలా చెప్పేవాడు ఒక్కడు కూడా లేకపోయాడు" అన్నారు.

ఆయన నోట పెద్ద మావయ్య మాట వినడం నాకు అదే మొదలు. అత్తయ్య తల వంచుకుంది. విషయం తెలియని అన్నయ్య, వదిన ఒకరినొకరు చూసుకున్నారు. నేను సీసా మెడ నాప్‌కిన్‌తో తుడిచి బల్ల మీద పెట్టాను.

మావయ్య కిటికీ వైపు గడ్డంతో చూపించారు. "ఆ ముసలాయన నీకోసం చూస్తున్నాడు. గ్లాసు ఖాళీ అయినట్టుంది. వెళ్ళు, నీ పని చూసుకో."

నీ పని అన్నారు. నేను కిటికీ దగ్గరికి ఎలా నడిచానో నాకు తెలియదు. భుజం మీంచి ఇసుక బస్తా దించినట్టుంది. ముసలాయనకి పోసేటప్పుడు ఒక చుక్క గుడ్డ మీద పడింది. సారీ చెబితే ఆయన, నువ్వు ఎందుకు అంతలా నవ్వుతున్నావని అడిగాడు. మా మావయ్య వచ్చారని చెప్పాను. ముసలావిడ వెనక్కి తిరిగి మావయ్యకి చెయ్యి ఊపింది, మావయ్య రెండు చేతులూ జోడించారు.

వాళ్ళకి టమాటా, తులసిలాంటి ఆకు వేసిన పాస్తా, మిరపకాయల కారం పక్కన పెట్టి ఇచ్చాను. అత్తయ్య కారం మొత్తం పోసుకుంది. ఓనర్ వచ్చి మావయ్య చెయ్యి పట్టుకుని పావుగంట ఇటాలియన్ కలిపిన ఇంగ్లిష్‌లో మాట్లాడింది, మావయ్య తెలుగు కలిపిన ఇంగ్లిష్‌లో జవాబు చెప్పారు. ఇద్దరూ చేతులతో కిటికీలు తెరిచారు, మూశారు. మధ్యలో నన్ను ఒక్క ముక్క అనువాదం చేయమనలేదు.

సాయంత్రం ఇంట్లో టీ పెట్టేసరికి కేసంతా మా ఆయన మీదకి తిరిగింది. లాప్‌టాప్ మూసి వచ్చి, మా ముఖాలు చూసి, ఏం జరిగిందో అర్థం కాక కుర్చీ అంచున కూర్చున్నాడు.

"బిల్లింగా?" అన్నారు మావయ్య.

"అంటే నాన్నా, బిల్లింగ్ కూడా..."

"ఆ పిల్ల చేసే పని నీకు చెప్పుకోవడానికి సిగ్గా?"

"సిగ్గు కాదు నాన్నా, నువ్వు ఏమంటావో అని."

"నన్ను అడిగితే కదా నేనేమంటానో తెలిసేది" అని మావయ్య టీ తాగేసి వాకింగ్‌కి వెళ్ళిపోయారు. మా ఆయన నా వైపు చూశాడు. నేను బిస్కెట్ల డబ్బా మూత పెట్టడంలో చాలా బిజీగా ఉన్నాను.

అత్తయ్యకి మాత్రం ఒక అనుమానం తీరలేదు. మావయ్య వెళ్ళేదాకా ఆగి, గొంతు తగ్గించి అడిగింది.

"నిజంగా ఉమ్మేస్తావా? అందరి ముందూనా?"

"దానికి ఒక గిన్నె ఉంటుందత్తయ్యా. కస్టమర్ల ముందు కాదు, పొద్దున వాళ్ళు రాకముందు."

"ఏం దేశమో. మింగితే తప్పు, ఉమ్మితే మర్యాద" అని తల కొట్టుకుని బియ్యం కడగడానికి వెళ్ళింది. తాగుతున్నానంటే కూడా ఆవిడ అంత బాధపడేది కాదేమో.

ఆ రాత్రి చాలా రోజుల తర్వాత పడుకోగానే నిద్ర పట్టింది. పట్టేముందు ఒకటి తట్టింది. మావయ్య ఊరుకునే మనిషి కాదు. ఒంగోలు ఫోన్ చేసి చెల్లెలికి, అంటే మా అమ్మకి, కోడలి ముచ్చట్లన్నీ చెప్పేస్తారు. అమ్మకి నేను కూడా బిల్లింగ్ అనే చెప్పాను. పెద్ద మావయ్య అమ్మకీ అన్నయ్యే. తాగి పడిపోయిన ఆయన్ని రిక్షాలో ఇంటికి తెచ్చుకున్నది అమ్మే.

మర్నాడు పొద్దున్నే, మావయ్య ఇంకా లేవకముందే, బాల్కనీలోకి వెళ్ళి తలుపు దగ్గరగా వేసి అమ్మకి వీడియో కాల్ చేశాను. అక్కడ సాయంత్రం, అమ్మ చిక్కుడుకాయలు తుంచుతోంది. "అమ్మా, ఆ చేట పక్కన పెట్టు" అన్నాను, "నేను నిజంగా ఏం పని చేస్తానో నీకు నేనే చెప్పాలి."